ఐదులో ఐదు పోతే

బడిపంతులికి జీతం మీద ఇంకో జీతమట, విన్నారా? మొన్న సాయంత్రం వీధరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటే మా మనవరాలు ఈ కబురు చెవిన వేసింది. అదీ టీచరే. డీఎస్సీ రాసి, నెగ్గి, పక్క మండలంలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతోంది. "తాతయ్యా, పిల్లలు ఏడాదిలో ఎంత నేర్చుకున్నారో కొలిచి, దాన్నిబట్టి టీచర్లకి బోనస్ ఇస్తే ఎలా ఉంటుందంటావ్?" అంది.

నేనేమంటాను? సరిగ్గా అప్పుడే నోట్లో వేసుకున్న పప్పు చేదు తగిలింది. ఉమ్మేసి "ఛీ" అన్నాను. ఆ ఛీ పప్పుకో, బోనస్‌కో అది అడగలేదు, నేను చెప్పలేదు.

మీ కుర్రకారుకి ప్రతిదానికీ ఓ రేటు ఉండాలి నాయనా. ఇంటికి ఇడ్లీ తెచ్చినవాడికి చుక్కలు, ఆటో తోలినవాడికి చుక్కలు, ఇప్పుడు అయ్యవారికీ చుక్కలు వేస్తారా? మా రోజుల్లో పంతులికి చుక్కలు వేరే ఎవరూ వెయ్యక్కర్లేదు. నెలాఖరు నుంచి జీతం అందేదాకా పగలే కనిపించేవి.

నేను 1970 లో పంచాయతీ సమితి బడిలో చేరాను. బడి అంటే ఓ తాటాకు పాక, రెండు నల్లబల్లలు. ఆ రెంటిలో ఒకదానికి నలుపు పోయి బల్ల మాత్రం మిగిలింది. బొగ్గు నూరి, ఆకుపసరులో కలిపి, ఏటా మేమే పూసుకునేవాళ్లం. జీతం మూడంకెలు. అదీ సమితి ఆఫీసులో గుమాస్తా గారికి దయ కలిగిన రోజున, సంతకం పెట్టి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని తెచ్చుకోవాలి. బతకలేక బడిపంతులు అన్న మాట ఎవరు పుట్టించారో తెలియదుగానీ, ఆవిడ తప్పకుండా ఓ పంతులు గారి భార్య అయ్యుంటుంది.

అయినా ఏం తక్కువైంది? గౌరవం ఉండేది. గౌరవం ఒక్కటే ఉండేదని మా ఆవిడ అనేది. కాదు, బీరకాయలు కూడా ఉండేవి. ఆనపకాయలు, కొత్త బెల్లం, సంక్రాంతికి అరిసెలు. ఊళ్లో ఒక రైతు ఉండేవాడు, పేరెందుకులెండి, వాళ్ల గేదె ఈనినప్పుడల్లా చెంబుడు జున్నుపాలు పంపేవాడు. అబ్బ, ఆ జున్ను! మిరియాలు, బెల్లం వేసి మా ఆవిడ వండితే చాకుతో కోసినా గట్టిగా నిలబడేది. ఇప్పుడు డబ్బాల్లో అమ్ముతున్నారే, దాన్ని జున్ను అంటే ఆ గేదె కొమ్ముతో పొడుస్తుంది. ఆ గేదె ఈనిన నెలలో వాళ్ల అబ్బాయికి నేను కూడికలు కాస్త ఎక్కువ శ్రద్ధగా చెప్పేవాణ్నని మా ఆవిడ దెప్పేది. పచ్చి అబద్ధం. కూడికలు కాదు, తీసివేతలు.

ఎక్కడున్నాను? ఆఁ, బోనస్. మా రోజుల్లో మమ్మల్ని కొలిచేవాడు ఒక్కడే, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు. ఏడాదికోసారి వచ్చేవారు. ఆయన ఊరి పొలిమేర తొక్కేలోపే గేదెలు కాసే పిల్లలు పరుగెత్తుకొచ్చి కబురు చెప్పేసేవాళ్లు. మేం చకచకా ముందు వరస సర్దేవాళ్లం. చురుకైనవాళ్లు, గట్టిగా పలికేవాళ్లు, ముక్కు శుభ్రంగా ఉన్నవాళ్లు ముందు. చివరి వరస పిల్లల్ని బడితోటకి నీళ్లు పొయ్యమని పంపేసేవాళ్లం. అదీ చదువే కదా, శ్రమ విలువ తెలుస్తుంది. ఆయన పదమూడో ఎక్కం అడిగితే మావాడు పంతొమ్మిదోది కూడా అప్పజెప్పేవాడు. ఆయన మురిసిపోయి పుస్తకంలో నాలుగు మంచి ముక్కలు రాసి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయేవారు. మాకు కోత లేదు, కొసరు లేదు. తోటకి మాత్రం ఆ రోజు నీళ్లు ఎక్కువై బెండమొక్కలు కుళ్లేవి.

సరే, మా మనవరాలు వదిలే రకం కాదు. "ఇది ఎవరో ఊరికే అన్న మాట కాదు తాతయ్యా, మన రాష్ట్రంలోనే చేసి చూశారు" అంది. నాకు తెలియదా? నాకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసే ఛీ అన్నాను.

2005 లో మొదలైంది ఆ వ్యవహారం. అప్పటికింకా రాష్ట్రం ఒకటే. కోస్తా, రాయలసీమ, తెలంగాణ, మూడు చోట్ల నుంచీ కలిపి ఐదు జిల్లాలు తీసుకున్నారు. జిల్లాకి పది మండలాలు, మండలానికి పది బడులు, మొత్తం ఐదొందల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేయించిన పని. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అని ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కలు కట్టారు. ఏ బడికి ఏం దక్కాలో లాటరీ. మండలంలో పది బడులుంటే రెండింటికి అదనంగా ఓ కాంట్రాక్టు టీచరు, రెండింటికి ఖర్చు పెట్టుకోమని కొంత నగదు, రెండింటిలో ఏ టీచరు పిల్లల ఫలితాన్ని బట్టి ఆ టీచరుకే బోనస్, రెండింటిలో బడి మొత్తం ఫలితాన్ని బట్టి అందరికీ ఒకే బోనస్, మిగతా రెండింటికి ఏమీ లేదు, పోల్చి చూసుకోవడానికి.

మా మండలంలోనూ పది బడులు ఎంచారు. మాది పదకొండోది.

నవ్వకండి. పదిలో ఉండి ఏమీ దక్కకపోతే అదో అందం. పోలిక కోసమైనా పనికొచ్చాం అనుకోవచ్చు. మేం దానిక్కూడా లేం. కాలవకి అవతల బడిలో పనిచేసే మాస్టారికి మాత్రం, మొదట్నుంచీ అదృష్టవంతుడే, సొంత బోనస్ వచ్చే బడి తగిలింది. ఆదివారం చేపల సంత దగ్గర నన్ను ఆపి మరీ ఆ నిబంధనలు వివరించాడు. సంచిలో బొమ్మిడాయిలు పాడవుతున్నాయన్నా వదల్లేదు.

ఇదీ లెక్క. బడులు తెరిచాక జూన్, జూలైల్లో ఓ పరీక్ష. ఏడాది చివర మార్చి, ఏప్రిల్‌లో ఇంకో పరీక్ష. తెలుగు, లెక్కలు మాత్రమే. పరీక్ష పెట్టేది, దిద్దేది బయటివాళ్లు. పంతులు గారి ఎర్రసిరా పెన్నుకి పని లేదు. పిల్లల సగటు మార్కుల శాతం ఎంత పెరిగిందో చూస్తారు. పెరిగినదాంట్లోంచి ముందుగా ఐదు తీసేస్తారు. మిగిలిన ఒక్కో శాతానికి ఐదొందల రూపాయలు. సగటు పదకొండు పెరిగిందనుకోండి, ఐదు తీసేస్తే ఆరు, ఆరు ఐదొందలు మూడు వేలు. ఐదో, అంతకు తక్కువో పెరిగితే సున్నా. తగ్గితే మాత్రం జీతంలో కోత లేదు. సగటున ఏడాది జీతంలో నూటికి మూడు వంతులొచ్చేలా కట్టిన లెక్క అది.

"ఆ ఐదు ఎందుకు మింగుతారయ్యా?" అని అడిగాను. వేసవి సెలవుల్లో పిల్లలు మర్చిపోతారట. జూన్‌లో పరీక్ష పెడితే ఉన్నదానికన్నా తక్కువ తెలిసినట్టు కనిపిస్తారట. నాలుగు రోజులు బడికొస్తే మర్చిపోయింది దానంతటదే గుర్తొస్తుంది కాబట్టి, ఆ పుణ్యం పంతులు ఖాతాలో పడకుండా మొదటి ఏడాది ఆ ఐదు తీసేశారట. రెండో ఏడాది నుంచి ఒక ఏప్రిల్‌కీ ఇంకో ఏప్రిల్‌కీ పోల్చారు కాబట్టి ఆ కోత ఎత్తేశారు. ఇది మాత్రం ఎవరో బడి తెలిసినవాడు పెట్టిన లెక్కే, ఒప్పుకోవాలి. జూన్‌లో బడికొచ్చిన పిల్లలు ఎలా ఉంటారో నాకు తెలుసు. మామిడికాయ ముక్కలతో పాటు ఎక్కాలు కూడా ఉప్పూ కారం అద్దుకుని తినేసి వచ్చేవాళ్లు. హాజరు పిలిస్తే సొంత పేరుక్కూడా ఓసారి ఆలోచించి పలికేవాళ్లు. జూన్ నెలంతా ఓనమాల నుంచి మళ్లీ దిద్దించడమే మా పని.

ఇంకో చిక్కు ఉంది. ఎవరు ఎక్కడున్నారన్నది కాదట లెక్క, ఎక్కణ్నుంచి ఎక్కడికి కదిలారన్నది. ఇంట్లో నాన్న దగ్గర చదువుకుని తొంభై తెచ్చుకునే కరణం గారబ్బాయి తొంభైలోనే ఉంటే పంతులికి పైసా రాదు. అక్షరం ముక్క రాని పాలేరు కొడుకు పది నుంచి ముప్పైకి ఎక్కితే వస్తుంది. చివరి వరస వాడి మార్కూ మార్కే, ముందు వరస వాడి మార్కూ మార్కే. చూశారా ఎంత అన్యాయమో! మా రోజుల్లో మంచి విద్యార్థి వల్ల పంతులికి పేరొచ్చేది. ఇప్పుడు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉన్న పిల్లాణ్ని కదిపితేగానీ ప్రతిఫలం లేదంటున్నారు.

"అందులో అన్యాయం ఏముంది తాతయ్యా?" అంది మనవరాలు.

ఏదో ఉండే ఉంటుంది. ఆలోచించి చెబుతానన్నాను.

మాట మార్చాలి కాబట్టి, "ఇంతకీ ఏం ఉద్ధరించారు?" అని గద్దించాను. అది ఫోను తీసి గడగడా చదివింది. రెండేళ్లు తిరిగేసరికి బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో 0.27, తెలుగులో 0.17 స్టాండర్డ్ డీవియేషన్లు ముందున్నారట. 2011 లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ అనే పెద్ద పత్రికలో అచ్చయింది. స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏమిటే, వీశా, శేరా? "లెక్కల వరకు చూస్తే, వందమందిని వరసలో నిలబెట్టినప్పుడు నడిమధ్యనున్న పిల్లాడు ఓ పదిమందిని దాటి ముందుకెళ్లినట్టు" అని చెప్పింది. పదిమందినా? కాస్త ఎక్కువే. నేను ఒప్పుకోలేదు, కానీ ఎక్కువే.

పోనీ, డబ్బులున్న తెలుగు, లెక్కలు రుబ్బి, మిగతావి గాలికొదిలేశారేమో అంటే, డబ్బుల్లేని సైన్సు, సోషల్‌లో కూడా ఆ బడుల పిల్లలే మెరుగ్గా ఉన్నారట. చదవడం వచ్చినవాడు ఏదైనా చదువుతాడు మరి. ఇది నేను 1970 నుంచీ చెబుతున్నాను, ఏ పత్రికా అచ్చువెయ్యలేదు.

ఒక్కటి మాత్రం నాకు కడుపు నిండింది. చెప్పకుండా వెళ్లి చూస్తే, బోనస్ ఉన్న బడుల్లోనూ లేని బడుల్లోనూ టీచర్ల గైర్హాజరు ఒకే తీరుగా ఉందట! రానివాడు డబ్బిస్తామన్నా రాలేదు. వచ్చినవాడు మాత్రం వచ్చిన రోజున ఒళ్లు వంచాడు. హోంవర్కు ఎక్కువిచ్చాడు, బడి అయ్యాక కూర్చోబెట్టి చెప్పాడు, ముందుగా పరీక్షలు పెట్టి అలవాటు చేశాడు. ఆ సంగతి వాళ్లే చెప్పుకున్నారు. దున్నపోతు మీద వాన దున్నపోతు మీదే, పొలం మీద వాన పొలం మీదే.

బడి మొత్తానికి కలిపి ఇచ్చిన బోనస్ సంగతి అడిగాను. మొదటి ఏడాది రెండు రకాలూ సమానంగా నడిచాయట. రెండో ఏడాదికి ఎవరిది వాళ్లకి ఇచ్చిన బడులు ముందుకెళ్లాయట. ఐదేళ్లు గడిచేసరికి తేడా ఇంకా బాగా తెలిసిందట. ఇది నాకు బాధ కలిగించింది. చేటలో తవుడు పోసి కుక్కలకు తగవు పెట్టినట్టు పంతుళ్ల మధ్య పోటీ పెడితే మా రోజుల్లో స్టాఫ్‌రూము ఏమయ్యేది? స్టాఫ్‌రూము లేదనుకోండి. వేపచెట్టు ఉండేది. దాని కింద మేమిద్దరం టీచర్లం ఒకే క్యారేజీలో తినేవాళ్లం. ఆయన ఒకటి, రెండు, మూడు తరగతులు చెప్పేవాడు, నేను నాలుగు, ఐదు. నా దగ్గరికొచ్చిన పిల్లాడికి ఒత్తులు రాకపోతే తప్పు ఆయనది. వస్తే గొప్ప నాది. అంత చక్కని అవగాహన ఉండేది మాకు.

అయినా అసలు ప్రశ్న అది కాదు. పూజారికి హారతికింత అని, డాక్టరుకి తగ్గిన జ్వరానికింత అని ఇస్తామా? చదువు చెప్పడం తలకింత లెక్కన వరికోత కోయించడమా? ఇలా కాసేపు ఉపన్యసించి, మా వంశంలో డబ్బు కోసం పాఠం చెప్పినవాడే లేడని ముగించాను. ముగించకుండా ఉండాల్సింది. ఎందుకంటే నాకు వెంటనే మా ముత్తాత గుర్తొచ్చాడు.

మా ముత్తాతది వీధిబడి. ఇసుకలో అక్షరాలు దిద్దించి, పెద్దబాలశిక్ష వల్లె వేయించేవాడు. అల్లరి చేస్తే కోదండం వేయించేవాడు. కోదండం అంటే ఏమిటో మీకెందుకులెండి, మీ చేతులు నొప్పి పుడతాయి. దసరా వచ్చిందంటే పిల్లలకు చక్కగా బట్టలు కట్టించి, రంగుకాగితాల విల్లంబులు, గిలకలు చేతికిచ్చి, ఇంటింటికీ తిప్పి పద్యాలు చదివించేవాడు. పిల్లలకు పప్పుబెల్లాలు, అయ్యవారికి వరహాలు. పద్యం తప్పు లేకుండా, గొంతెత్తి చదివితే ఇంటాయన ఓ రూపాయి ఎక్కువ పెట్టేవాడు. నట్టుకొడితే మొహం చిట్లించి బేడ పెట్టేవాడు. ఇప్పుడు మా మనవరాలి భాషలో దాన్నేమంటారో చెప్పండి.

అంతటితో ఆగిందా? ఆ రోజుల మద్రాసు ప్రెసిడెన్సీలో రిజల్ట్స్ గ్రాంట్లని ఉండేవి. ఇన్‌స్పెక్టరొచ్చి పిల్లల్ని పరీక్షించేవాడు. నెగ్గినవాళ్లని బట్టి బడికి సొమ్ము. టీచర్ ట్రైనింగులో మాకు దీని తాత గురించీ చెప్పారు. ఇంగ్లండులో 1862 లో రాబర్ట్ లో అనే పెద్దమనిషి రివైజ్డ్ కోడ్ తెచ్చాడు. చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడింట్లో పిల్లలు నెగ్గితేనే, హాజరు సరిగ్గా ఉంటేనే బడికి గ్రాంటు. మాథ్యూ ఆర్నాల్డ్ అని ఓ కవి బడుల ఇన్‌స్పెక్టరుగా కూడా పనిచేసేవాడు, ఆయన దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆ పద్ధతి ముప్పై ఏళ్లకు పైగా నడిచి ఆ శతాబ్దం చివర్లో పోయింది. అంటే నా సణుగుడుకి నూటయాభై ఏళ్ల వయసుంది. దాన్ని ఒక కవి ముందే సణిగేశాడు కూడా. మనకి కొత్తగా సణగడానిక్కూడా ఏమీ మిగల్చలేదు పాతవాళ్లు.

చివరికి ఆ బోనస్ రాష్ట్రమంతటా అమల్లోకి రానేలేదు. ఇప్పటికీ జీతం స్కేలు ప్రకారమే, ఇంక్రిమెంటు ఏడాదికోసారి, చెప్పినా చెప్పకపోయినా. మా మనవరాలిని కొలిచేది మాత్రం మానలేదు. పొద్దున్నే ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయించుకుంటుంది. సిగ్నల్ లేకపోతే ముఖం పట్టుకుని గోడ ఎక్కుతుంది. అన్నం గిన్నెల లెక్క ఎక్కించాలి, ఇంకేవేవో ఫొటోలు తియ్యాలి. పిల్లాడికి ఎక్కం వచ్చిందా అని అడిగే బటన్ మాత్రం ఆ ఫోన్లో నాకు కనిపించలేదు. "అందుకే కదా తాతయ్యా అడిగింది" అంది.

కాలవ అవతలి మాస్టారికి మూడు వేలొచ్చాయి. దాంతో వాళ్ల ఆవిడకి గ్రైండరు కొన్నాడు. ఆ ఏడాది సంక్రాంతికి వాళ్లింటి నుంచి మా ఇంటికి గారెలు వచ్చాయి, పువ్వుల్లా ఉన్నాయి. మా ఆవిడ ఒకటి తుంచి, రోటి వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అందుకే నాకు ఆ పథకం నచ్చలేదని మీరు అనుకుంటే, అందని ద్రాక్ష పుల్లన అనుకుంటే, అనుకోండి. నేను సిద్ధాంతరీత్యా వ్యతిరేకిని.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మంచం కింద ట్రంకుపెట్టె లాగాను. కలరా ఉండల వాసన మధ్య నా పాత మార్కుల పుస్తకాలు. బడి తెరిచిన వారంలో నేనూ ఓ పరీక్ష పెట్టేవాణ్ని లెండి, ఏ ఆర్థికశాస్త్రవేత్తా చెప్పకుండానే. 1978 బ్యాచి తీశాను. ఐదో తరగతి, ముప్పై రెండు మంది. నా సర్వీసులో మేటి తరగతి అది. ఇన్‌స్పెక్టరు గారు పుస్తకంలో అర పేజీ పొగిడిన ఏడాది. వాళ్లకి ఇరవై శాతం పెరిగి ఉంటుంది, నాకు రావలసింది ఏడున్నర వేలు అని ముందే కట్టేసుకుని, క్యాలెండరు వెనక పెన్సిలుతో కూడడం మొదలెట్టాను.

ముందు వరస ఏడుగురూ జూన్ నుంచి ఏప్రిల్‌కి తలా ఇరవై నాలుగు పెరిగారు. చూశారా! నూట అరవై ఎనిమిది. ఇక మిగతా పాతికమంది. ఒకడు రెండు పెరిగాడు, ఇంకొకడు మూడు తగ్గాడు, ఒకడు జూన్‌లో ఎంతో ఏప్రిల్‌లోనూ అంతే. పాతికమందినీ కలిపితే ఎనిమిది మార్కులు తరుగు. రెండుసార్లు కూడాను. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి కూడాను. ఆ పేర్లు చదువుతుంటే ఒక్కొక్కళ్ల ముఖాలు గుర్తురావడం లేదు. బెండమొక్కల మధ్య వంగిన వీపులు మాత్రం గుర్తొచ్చాయి.

నూట అరవైని ముప్పై రెండుతో భాగించాను. శేషం లేకుండా పోయింది.

ఎప్పుడొచ్చిందో, నా వెనక నిలబడి మనవరాలు ఆ లెక్క చూస్తోంది. పిల్లలకు చెప్పే గొంతుతోనే అడిగింది, "ఐదులో ఐదు పోతే ఎంత తాతయ్యా?"

క్యాలెండరు తిప్పి గోడకి తగిలించేశాను. అసలా ఐదు తీసెయ్యడమే తప్పు. మా రోజుల్లో పిల్లలు వేసవిలో ఏదీ మర్చిపోయేవాళ్లు కాదు.